ఆది జాకెట్టు

తెనాలి,
జూన్ 3.

అబీదా,

ఉత్తరం చూసి కంగారుపడకు. బాగానే ఉన్నాను. ఫోను ఉండగా ఉత్తరమేంటి, రేపల్లె ఏమన్నా దేశాంతరమా అనుకుంటావని తెలుసు. ఇక్కడ రైలెక్కితే గంట దాటేసరికి నీ కుట్టుమిషను పక్కన కూర్చోవచ్చు. అయినా రాస్తున్నాను. పోయిన గురువారం ఆరో విడత కీమో ఎక్కించారు. నోరంతా పూసింది, మాట్లాడితే మంట. అది ఒక కారణం. రెండో కారణం నువ్వే. ఫోనులో నా గొంతు వినగానే ముక్కు ఎగబీలుస్తావు. అది విని నాకూ ఆగదు. ఏమీ మాట్లాడుకోకుండానే ఇద్దరం పెట్టేస్తాం. ఇప్పటికి నాలుగుసార్లు అయింది. కాగితం మీద ఎంత ఏడ్చినా చప్పుడు రాదు కదా.

అసలు ఫోను మా ఆయనకే అప్పగించేశాను. పొద్దున లేస్తే దండం పెట్టే బొమ్మలు, పువ్వులు, ధైర్యంగా ఉండమని సందేశాలు. ఒకావిడ పసుపు తినమంటుంది, ఇంకొకావిడ పసుపు ముట్టుకోవద్దంటుంది. రవిశంకర్ అందరికీ ఓపిగ్గా జవాబులు పెడుతున్నాడు. బ్యాంకులో కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకి చెప్పినట్టే, "చూస్తున్నామండి, అయిపోతుందండి" అని.

పన్నెండున స్కూళ్ళు తెరుస్తారు. ఈసారి తొమ్మిదో తరగతికి సైన్సు ఇంకెవరో చెబుతారు. ఒక కణం రెండు ఎలా అవుతుందో పాతికేళ్ళు బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. నా ఎడమ రొమ్ములోని కణాలు ఆ పాఠం మరీ శ్రద్ధగా విన్నట్టున్నాయి. జనవరిలో గడ్డలు బయటపడ్డప్పుడు డాక్టరు వివరించబోతే, నాకు తెలుసండి అన్నాను. ఆయన నవ్వాడు. నాకే నవ్వు రాలేదు.

మొదటి నాలుగు విడతల ఎర్ర మందుకు జుట్టు పోయిందా, ఈ కొత్త మందుకు వేళ్ళ కొసలు మొద్దుబారాయి. డబ్బాలోంచి ఉప్పు తీస్తే చేతిలో ఉప్పుందో లేదో చూసుకుంటేగాని తెలియడం లేదు. ఈ రాత చూసి నీకే అర్థమై ఉంటుంది. ఇంకా రెండున్నాయి. జులై పదితో అయిపోతుంది. నువ్వూ రాయి. తప్పులున్నా దిద్దనులే.

నీ
నీరజ

---

రేపల్లె,
జూన్ 11.

నీరూ,

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చిస్తే నాకేదో కోర్టు నోటీసు వచ్చిందని మా వీధంతా తొంగిచూసింది. బక్రీదు పనుల్లో పడి జవాబు ఆలస్యమైంది. రాసి ఎన్నేళ్ళయిందో. బిల్లు పుస్తకంలో "చేతులు మోచేతి దాకా, మెడ వెనక లోతు" తప్ప నేను తెలుగు రాసేదేముంది.

ముక్కు ఎగబీలుస్తానా నేను? సరే, ఒప్పుకున్నాను. బాపట్లలో ఆరో తరగతిలో నీకు చెయ్యి విరిగినప్పుడు కూడా నువ్వు ఏడవలేదు, నేనే ఏడ్చాను. మాస్టారు వచ్చి, చెయ్యి విరిగింది ఎవరికి అని నన్నే అడిగాడు.

నీకు గుర్తుందా, మా నాన్న అన్సార్ సాయిబు మనిద్దరికీ కుట్టు నేర్పిస్తానని కూర్చోబెట్టింది. నువ్వు మొదటి జాకెట్టుకే రెండు చేతులూ ఒకవైపే కుట్టావు. ఈ అమ్మాయిని చదువుకోనివ్వండయ్యా, గుడ్డ దండగ చెయ్యద్దు అన్నాడు. నాకు మాత్రం రెండే మాటలు చెప్పాడు. తెలిసినవాళ్ళ ఒంటి మీద టేపు పెట్టకు, ఆది జాకెట్టు అడుగు, అది నిజం చెబుతుంది అన్నాడు. కోపంగా ఉన్న రోజు గుడ్డకి కత్తెర పెట్టకు అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు మాటల మీదే మా ఇల్లు గడుస్తోంది. నీ పెళ్ళి జాకెట్టు నుంచి మొన్న ఉగాదివరకు నీవన్నీ ఆది చూసి కోసినవే.

నోటి పూతకి చల్లటి మజ్జిగన్నం మెత్తగా పిసికి తిను. కారం జోలికి పోకు. నీకు కారం లేకపోతే ముద్ద దిగదని తెలుసు, అయినా ఈ రెండు నెలలు ఆగు.

ఆపరేషన్ అయ్యాక జాకెట్ల సంగతి ఎలాగా అని నువ్వు అడగలేదు. మనసులో అనుకునే ఉంటావు. అది నాకొదిలెయ్. నాకు తెలుసు. ఎలా తెలుసని మాత్రం అడక్కు.

అబీదా

---

తెనాలి,
జులై 13.

అబీదా,

అయిపోయింది. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఎనిమిదో సీసా ఖాళీ అయింది. చివరి చుక్క గొట్టంలోకి దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. సూది తీసిన నర్సమ్మ చేతి మీద దూది అదిమి, "ఇక మా గది మొహం చూడకండి మేడం" అంది. రవిశంకర్ జిలేబీ తెచ్చి వార్డంతా పంచాడు. నాకు అది ఇనుప ముక్క నమిలినట్టుంది. అయినా ఒక చుట్ట మొత్తం తిన్నాను. ఎందుకు తినకూడదూ?

ఇక ఆపరేషన్. ఆగస్టు ఏడున గుంటూరులోనే. గడ్డలు రెండుచోట్ల ఉన్నాయి కాబట్టి కొంత తీసి కొంత ఉంచడం కుదరదు, మొత్తం తియ్యాలి అని మొదటే చెప్పారు. ఆగస్టు రెండున రక్తపరీక్షలకి, గుండె పరీక్షకి వెళ్ళాలి. మత్తు డాక్టరు చూసి సరేననాలి. ఈలోపు ఒంట్లో రక్తం పట్టాలట. రోజూ పొద్దున మా వీధి చివరిదాకా నడుస్తున్నాను. మొదటి రోజు ఆరు ఇళ్ళు దాటేసరికి ఆయాసం వచ్చింది. నిన్న పదకొండు ఇళ్ళు దాటాను. పదకొండో ఇంటి ముందు సుగుణమ్మగారు బియ్యం చెరుగుతూ, కూర్చోమ్మా అని చాట పక్కకి జరిపింది. ఇవాళ పన్నెండో ఇల్లు చూడాలి.

చెప్పడం మరిచాను. నుదుటి దగ్గర, చెవుల పక్కన మెత్తగా నూగు తగులుతోంది. వేళ్ళు మొద్దుబారినా అది మాత్రం తెలుస్తోంది.

నీరజ

---

రేపల్లె,
జులై 19.

నీరూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా ఆయనకి చదివి వినిపించాను. హనీఫ్ వెళ్ళి జిలేబీ తెచ్చాడు. అందరికీ అదే తోస్తుందేమో.

ఈ మంగళవారం లైనింగు గుడ్డ కోసం ఆయన తెనాలి వస్తాడు. చేతికో మూట ఇచ్చి పంపుతున్నాను. అందులో నూలు జాకెట్లు నాలుగు ఉన్నాయి. వదులుగా ఉంటాయి, ముందు వైపు పూర్తిగా తెరుచుకుంటాయి, హుక్కులు కాదు, నొక్కు బొత్తాలు పెట్టాను. ఆపరేషన్ అయిన చెయ్యి పైకి లేవదు కదా, హుక్కుతో కుస్తీ పట్టనక్కర్లేదు. ఒక చేతి సంచీ కూడా ఉంది. చంక కింద నుంచి సన్నటి గొట్టం, దాని చివర చిన్న సీసా పెడతారు. లోపల ఊరే నీరు అందులోకి దిగుతుంది. వారం, పది రోజులు ఉంటుంది. ఆ సీసా చేత్తో పట్టుకు తిరగకుండా సంచీలో పెట్టి భుజానికి తగిలించుకో. ఒక పెళ్ళికూతురి జాకెట్లో మిగిలిన పట్టుముక్కతో కుట్టాను. ఆస్పత్రి సీసాకి ఆ మాత్రం సోకు ఉండాలి.

పన్నెండో ఇల్లు దాటావా లేదా?

అబీదా

---

తెనాలి,
జులై 28.

అబీదా,

మూట అందింది. జాకెట్లు ఒంటికి హాయిగా ఉన్నాయి. సంచీ చూసి మా ఆయన, దీన్ని తీసుకుని బ్యాంకుకి వెళ్తాను అన్నాడు.

ఒక మంచి కబురు. మొన్న స్కాను తీశారు. గడ్డలు రెండూ కరిగిపోయాయి. తీసినతను బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడేమీ కనపడటం లేదండి అన్నాడు. చేత్తో తడిమినా తగలడం లేదు. నేను రోజూ తడిమి చూసుకుంటున్నాను.

ఇంకో మంచి కబురు. బాపట్లలో మా రాఘవమ్మత్త మనవరాలు తేజస్వి పెళ్ళి. శ్రావణంలో, ఆగస్టు పదిహేడున. మా మేనత్త ఇంట్లో మనవల తరంలో అది మొదటి పెళ్ళి. ఆర్నెల్లుగా నేను నలుగురి మధ్యకి వెళ్ళలేదు. ఈ పెళ్ళికి వెళ్ళాలి, బాగా తయారై వెళ్ళాలి. రేపు హనీఫ్ భాయి వస్తే చీర, జాకెట్టు గుడ్డ ఇచ్చి పంపుతాను. ఆకుపచ్చ పట్టు, మామిడిపిందెల అంచు. ఆది జాకెట్టు కూడా పెడుతున్నాను, నీకు తెలిసినదే, ఆ మెరూన్ రంగుది. కొలతలు అవే. ఒంటికి పట్టినట్టుండాలి, వెనక మెడ కాస్త లోతు, ముందు హుక్కులు. పదిహేనుకల్లా ఇచ్చెయ్.

ఆస్పత్రి కబుర్లు తర్వాత తీరిగ్గా రాస్తాను.

నీరజ

---

రేపల్లె,
జులై 30.

శ్రీమతి నీరజ గారికి,

మీరు పంపిన చీర, గుడ్డ, ఆది జాకెట్టు ముట్టాయి. గుడ్డకి కత్తెర పెట్టలేదు. పెట్టను.

నేను నీ అంత చదువుకోలేదు నీరజా, కానీ కొలతలు, తారీఖులు నా పని. ఏడో తారీఖున ఆపరేషన్. పదిహేడున పెళ్ళి. మధ్యలో పది రోజులు. పది రోజుల పచ్చి కుట్లమీద, చంక కింద గొట్టం ఉండగా, ఒంటికి పట్టిన హుక్కుల జాకెట్టు ఎవరు తొడుక్కుంటారు? అదీ పాత కొలతలకి? రెండువైపులా సమంగా టక్కులు పెట్టి కుట్టమని పంపించావు. అంటే ఏడో తారీఖు తర్వాత కూడా నీ ఒళ్ళు ఇలాగే ఉంటుందని నువ్వు నిశ్చయించుకున్నావు. నువ్వు ఆపరేషన్‌కి వెళ్ళడం లేదు.

ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. ఆది జాకెట్టు చెప్పింది.

కాదు, నువ్వు పొరబడ్డావు అబీదా అని రాయి. వంద తిట్లు తిట్టు, పడతాను. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, రేపు పొద్దున బండికే హనీఫ్ తెచ్చి నీ చేతిలో పెడతాడు. జవాబు తీసుకోకుండా కదలడు. టీ ఇచ్చి కూర్చోబెట్టు.

అబీదా

---

తెనాలి,
జులై 31.

అబీదా,

హనీఫ్ భాయి హాల్లో కూర్చుని రెండో టీ తాగుతున్నాడు. నేను లోపల తలుపు వేసుకుని రాస్తున్నాను.

నువ్వు పొరబడలేదు.

డాక్టరు చెప్పిందంతా చెబుతాను, దాచను. స్కానులో కనపడకపోవడం చాలా మంచిదే, కానీ కనపడనంత మాత్రాన లేదనుకోవడానికి వీల్లేదు, తీసి పరీక్షకి పంపితేగాని తెలియదు, ఆపరేషన్ అనుకున్నట్టే జరగాలి అన్నాడు. తలూపాను. బయట రవిశంకర్ మందుల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి, గడ్డలు కరిగిపోయాయట, ఆపరేషన్ తొందరేం లేదట, ఇంకో రెండు నెలలు ఆగి చూద్దామన్నారు అని చెప్పాను. అతను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ మొహంలో అంత నెమ్మది చూసి ఎన్ని నెలలైందో. అబద్ధమని ఎలా చెప్పను? ఇరవైనాలుగేళ్ళలో ఆయనతో ఆడిన పెద్ద అబద్ధం ఇదే. పాతికేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని, చేతికి తగలకపోతే లేనట్టే అనుకుంటున్నాను. నాకే సిగ్గుగా ఉంది.

ఎనిమిదిసార్లు సూది గుచ్చారు, భయపడలేదు అబీదా. నిజంగా పడలేదు. వాంతులైనా, జుట్టు ఊడినా, ఇది పోస్తేనే బతుకుతాను అనుకున్నాను. ఇప్పుడు వాళ్ళు తీసుకుంటారు. ఒకటి నా ఒంటిమీద నుంచి తీసుకుని, ఇక నీకిది ఉండదు అంటారు. స్నానానికి వెళ్ళినప్పుడు అద్దం మీద తువ్వాలు కప్పుతున్నాను. ఇంకా తీయనే లేదు, అప్పుడే కప్పుతున్నాను. పెళ్ళిలో అందరూ పలకరిస్తూ నా పైట వైపు చూస్తారు. చూడనట్టు చూస్తారు. ఆ చూపు నాకు తెలుసు, ఇంకొకరి మీద నేనే చూసి ఉంటాను. ఒక్కసారి, ఈ ఒక్క పెళ్ళికి, నేను నాలాగా వెళ్ళాలనుకున్నాను. తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

నీకు అర్థం కాదు. నిన్ను అనడం లేదు. ఎవరికీ అర్థం కాదు. నా ఎరుకలో ఈ గతి పట్టి తిరిగి మామూలుగా పెళ్ళిళ్ళకి వెళ్ళిన మనిషి ఒక్కరూ లేరు.

నీరజ

---

బాపట్ల,
ఆగస్టు 2.

నీరూ,

బాపట్ల నుంచి రాస్తున్నాను. నీ జవాబు చదివి పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చాను. శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లు పదిహేడు మిషను మీద వదిలేసి వచ్చాను, ఆ అమ్మల తిట్లు నీ ఖాతాలోనే. ఇక్కడ మీ రాఘవమ్మత్తయ్యగారి వరండాలో కూర్చుని ఉన్నాను. పక్కన ఆవిడ అప్పడాలు ఎండబెడుతోంది. నేనేం రాస్తున్నానో ఆవిడకి తెలుసు. నేను అడగడానికే వచ్చాను, రాయమని ఆవిడే చెప్పింది.

తొమ్మిదేళ్ళ కిందట మీ అత్తయ్య పిత్తాశయంలో రాళ్ళకని విజయవాడ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది, గుర్తుందా. నువ్వు చూడ్డానికి వెళ్తే, నీరసంగా ఉంది తర్వాత రమ్మన్నారని నాకు చెప్పావు. అవి రాళ్ళు కావు. ఆవిడకి కుడివైపు మొత్తం తీసేశారు. మీ మావయ్యగారికి, కొడుకు కిరీటికి, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నాకెందుకు తెలుసంటే, కుట్లు ఆరగానే ఆవిడ నా దగ్గరికి వచ్చింది. బాపట్లలో దర్జీలు లేకనా? ఇక్కడైతే మాట పొక్కుతుందని రేపల్లె దాకా వచ్చింది. తలుపు వేయమని, పైట తీసి చూపించింది. అలాంటి జాకెట్టు ఎలా కుట్టాలో మా నాన్న చెప్పలేదు. ఇద్దరం కలిసి కనిపెట్టాం. లోపలివైపు జేబులాంటిది కుట్టి అందులో దూదిగుడ్డ దిండు పెట్టాను. దూది ఒక్కటే అయితే తేలికై పైకి ఎక్కేస్తోంది. బరువు కోసం ఆవాలు పోశాం. రెండోవైపుతో సమంగా తూగేదాకా చారెడు చారెడు కలుపుతూ, తీస్తూ. ఒకసారి ఆవిడ దిండు తియ్యడం మరిచి జాకెట్టు నానబెట్టి, నీడలో ఆరేసి, ఊరికి వెళ్ళింది. మూడోరోజు వచ్చి చూస్తే లోపల ఆవాలు మొలకలెత్తాయి. ఆ దిండు పట్టుకుని ఆవిడ మా ఇంటికి వచ్చి ఎంత నవ్విందో నీకు చెప్పలేను. ఆపరేషన్ అయ్యాక అలా నవ్వడం అదే మొదటిసారి. అప్పటినుంచి ఆవాలు దోరగా వేయించి పోస్తున్నాను.

ఆ తర్వాత ఇంకా వచ్చారు. ఒకరి నోట ఒకరు తెలుసుకుని, ఈ తొమ్మిదేళ్ళలో పదకొండుమంది. కొలకలూరు నుంచి, సంగం జాగర్లమూడి నుంచి కూడా. వాళ్ళ ఆది జాకెట్లు నా దగ్గర వేరే పెట్టెలో ఉంటాయి. ఎవరి పేరూ ఎవరికీ చెప్పను, నీకూ చెప్పలేదు. వాళ్ళలో నువ్వు పెళ్ళిళ్ళలో చూసినవాళ్ళు ఉన్నారు. పక్కన కూర్చుని భోజనం చేసినవాళ్ళు ఉన్నారు. మీ అత్తయ్య ఈ తొమ్మిదేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళింది, నువ్వు ఎప్పుడైనా ఆవిడ పైట వైపు చూశావా?

చెప్పనా వద్దా అని అడిగితే ఆవిడ అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "చెప్పవే అమ్మాయ్. ఆర్నెల్లుగా నేనే చెబుదామని ఫోను తీసి పెట్టేస్తన్నా. తొమ్మిదేళ్ళు మూసుకున్న నోరు తెరవటం ఏంటో కష్టంగా ఉంది. దాన్ని ఏడో తారీఖుకి వెళ్ళమను. పెళ్ళికి ఎలా వచ్చినా పర్లేదు, మనిషి ఉండాలి."

నీ మంచి గుడ్డ నా బీరువాలో అలాగే ఉంటుంది. దానికి కత్తెర పెట్టే రోజు నువ్వే చెప్పు.

రేపు శుభలేఖలు పంచడానికి కిరీటి తెనాలి వస్తున్నాడు. ఈ ఉత్తరంతోపాటు చిన్న పొట్లం ఇస్తాడు. అందులోది మీ అత్తయ్య ఆది జాకెట్టు. ఆవిడే తన ఇంట్లో పెట్టెలోంచి తీసి ఇచ్చింది. తొడుక్కోమని కాదు. ఊరికే చేత్తో పట్టుకుని చూడమంది.

అబీదా

---

తెనాలి,
ఆగస్టు 4.

అబీదా,

చూశాను. లోపల జేబు, వేయించిన ఆవాలు, నీ సన్నటి కుట్టు, అన్నీ చూశాను. మా అత్త వాసన వచ్చింది, కుంకుడుకాయల వాసన. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత రవిశంకర్‌ని పిలిచి నిజం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి ఆస్పత్రికి ఫోను చేసి, రెండో తారీఖు పరీక్షలకి రాలేకపోయామండి, రేపు రావచ్చా అని అడిగాడు. రమ్మన్నారు. ఫోను పెట్టేశాక నా పక్కన కూర్చుని, "నాకు భయపడే అవకాశం కూడా ఇవ్వవా నువ్వు" అన్నాడు. అంతే. ఆ మాటకి నాకు తగిన శాస్తి అయింది.

రేపు పరీక్షలు. ఎల్లుండి చేరాలి. ఏడున పొద్దున తీసుకెళ్తారు. భయంగానే ఉంది. కానీ వెళ్తున్నాను.

అద్దం మీద తువ్వాలు తీసేశాను. రెండు రోజులే ఉంది కదా, సరిగ్గా చూసుకుందామని.

నీరూ

---

రేపల్లె,
ఆగస్టు 9.

నీరూ,

ఏడో తారీఖు మధ్యాహ్నం రవిశంకర్ అన్నయ్య ఫోను చేసి, బాగా జరిగింది, కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది అన్నాడు. నేను ముక్కు ఎగబీల్చాను. ఆయనా అంతే. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండానే పెట్టేశాం. అల్లా చల్లగా చూశాడు.

చెయ్యి కదుపుతూ ఇప్పుడే రాయకు. బాగయ్యాక రాయి. పదిహేను జాకెట్లు ఇచ్చేశాను, ఇంకా రెండున్నాయి.

అబీదా

---

తెనాలి,
ఆగస్టు 27.

అబీదా,

రాసేది కుడిచెయ్యే కాబట్టి రాయగలుగుతున్నాను. ఎడమచేతి వేళ్ళను రోజూ గోడ మీద పైకి పాకించాలట. గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. ఇవాళ తలుపు గొళ్ళెందాకా వచ్చాను.

ముందు పరీక్ష ఫలితం. తీసినదంతా పరీక్షకి పంపితే, గోధుమగింజంత ముక్క లోపల ఇంకా బతికే ఉందట. స్కానుకి కనపడలేదు, నా చేతికి తగల్లేదు. డాక్టరు ఆ కాగితం నా ముందు పెట్టి, "అది ఇప్పుడు మీలో లేదమ్మా, సీసాలో ఉంది" అన్నాడు. చుట్టూ అంచులు శుభ్రంగా ఉన్నాయట, చంకలో గ్రంథులకి పాకలేదట. వచ్చే నెల నుంచి రేడియేషన్ పెడతారు, తర్వాత కొన్నాళ్ళు మందులు. నేను ఆ పెళ్ళికి పాత కొలతల జాకెట్టు తొడుక్కుని వెళ్ళి ఉంటే, ఆ గింజ కూడా నాతో విందుకి వచ్చేది.

పెళ్ళికి వెళ్ళాను. గంటసేపు కూర్చుని రావచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. నీ నూలు జాకెట్టు, ఒక పాత మెత్తటి చీర, తలకి గుడ్డ. భుజానికి నీ పట్టు సంచీ, అందులో సీసా. మండపంలో అడుగు పెట్టగానే అందరూ చూశారు. చూడనట్టే చూశారు. కాళ్ళు ఆగిపోయాయి. అంతలో మా అత్త పెళ్ళిపీటల దగ్గర నుంచి దిగి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, అక్షింతల పళ్ళెం చేత్తో పట్టుకునే వచ్చింది. నా సంచీ చూసి, ఎవరు కుట్టారే ఇంత బాగుంది అని పైకి అడిగింది. తర్వాత నన్ను మొదటి వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుని, చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ వినపడేలా అంది, "మా నీరజకి ఎడమవైపు, నాకు కుడివైపు. ఇద్దరం కలిస్తే ఒక జత."

ముందు ఎవరో నవ్వారు, అత్త నవ్వింది, నేనూ నవ్వాను. కుట్లు నొప్పెట్టాయి. నా వెనక వరసలో ఒక ముసలావిడ మాత్రం నవ్వలేదు. అత్త వైపు, నా వైపు చూస్తూ పైట సర్దుకుని, కళ్ళు తుడుచుకుంది. నీ పెట్టెలో ఆవిడ ఆది కూడా ఉందేమో, నాకు తెలియదు, అడగను.

నీరూ

---

రేపల్లె,
సెప్టెంబరు 15.

నీరూ,

మీ అత్తయ్య అన్నమాట చదివి నేను మిషను ఆపి నవ్వాను. తర్వాత ఏడుపు ఆగలేదులే.

ఇప్పుడు ఒక సంగతి. నిన్న అడవులదీవి నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు హెప్సిబా, ముప్పై ఎనిమిదేళ్ళు ఉంటాయి. భర్తకి పడవ ఉంది, చేపల వేట. కీమో అయిపోయింది, తలకి గుడ్డ కట్టుకుంది. క్రిస్మస్‌కి జాకెట్టు కుట్టాలక్కా అని ఆది ఇచ్చింది. పాత కొలతలే అంది. ఆపరేషన్ ఎప్పుడమ్మా అంటే నేల చూసింది. ఎందుకులే అక్కా, కరిగిపోయిందంట కదా అంది.

గుడ్డ తీసుకున్నాను. కత్తెర పెట్టలేదు. డాక్టరు మాట చెప్పాను, వింది, తలూపింది. నువ్వు ఊపినట్టే ఊపి ఉంటుంది. ఈ మధ్యే ఇలాంటిది జరిగిన ఒక మనిషి తెలుసమ్మా నాకు అన్నాను. ఎవరక్కా అంది. చెప్పలేదు. ఎన్నడూ చెప్పలేదు కదా. వచ్చే సోమవారం మళ్ళీ వస్తుంది.

ఏం చెయ్యమంటావు?

అబీదా

---

తెనాలి,
సెప్టెంబరు 18.

అబీదా,

నా పేరు చెప్పు. తెనాలిలో సైన్సు టీచరు నీరజ అని చెప్పు. ఫోను నంబరు ఇవ్వు. ఫోను మా ఆయన దగ్గర నుంచి వెనక్కి తీసుకున్నాను. గోధుమగింజ సంగతి చెప్పు, అబద్ధం ఆడిన సంగతి కూడా చెప్పు. ఆ అమ్మాయి ఎప్పుడు చేసినా మాట్లాడతాను, ఏడిస్తే వింటాను. తనకి ఇష్టమైతే ఆస్పత్రికి తోడు వెళ్తాను. నన్ను చూడాలనుకుంటే ఆదివారం రైలెక్కి నీ ఇంటికి వస్తాను, తలుపు వేసి చూపిస్తాను.

హనీఫ్ భాయి చేతికి ఒక జాకెట్టు ఇచ్చి పంపుతున్నాను. నువ్వు కుట్టిన నాలుగు నూలు జాకెట్లలో ఒకటి. కుట్లు ఆరిపోయాయి కాబట్టి ఒంటికి సరిపోయేలా పక్కలు నేనే పట్టాను. చేతులు రెండూ ఒకవైపే కుట్టలేదు, భయపడకు. ఇప్పటి నా కొలత ఇదే. ఇక ఇదే నా ఆది. పాత మెరూన్‌ది వెనక్కి పంపకు, నాకు దానితో పనిలేదు. దీన్ని మాత్రం నీ వేరే పెట్టెలో పెట్టకు. అందరి జాకెట్లూ వేలాడే తీగ ఉంది కదా, నీ వాకిట్లోకి వచ్చినవాళ్ళకి కనపడేది, దాని మీదే వెయ్యి. పేరు రాసిన చీటీ గుచ్చి వెయ్యి.

దీపావళికి అత్త బాపట్ల రమ్మంది. ఆ ఆకుపచ్చ గుడ్డకి ఇక కత్తెర పెట్టు.

నీరూ